చిన్న బండిని మెల్లగా నడపడానికి నాకు పట్టిన రెండేళ్ళు

2023 భోగికి ముందు రోజు అటక దులుపుతుంటే ఒక రేకు పెట్టెలో నాన్న పాత సీజన్ టికెట్టు దొరికింది. పర్లాకిమిడి నుంచి టెక్కలికి. అంచులు చెదలు తినేశాయి గానీ స్టాంపు ఇంకా కనబడుతోంది. నాన్నకిస్తే కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మంటలో ఎయ్యకురా దీన్ని" అని చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్లో బొమ్మ రైళ్ళ వీడియోలు చూడడం మొదలుపెట్టాను. అక్కడ మొదలైంది ఇదంతా.

నేను పాతపట్నంలో లెక్కల మాస్టారిని. ఇల్లు పర్లాకిమిడిలో. రోజూ పొద్దున్న ఆంధ్రాకి వెళ్ళి సాయంత్రం ఒడిశాకి తిరిగొస్తాను. మా ఊరి చిన్న బండి, అంటే పట్టాలు బాగా దగ్గరగా ఉండే నారో గేజ్ రైలు (గేజ్ అంటే రెండు పట్టాల మధ్య దూరం) గురించి ఇక్కడివాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. 1900లో రాజావారు నౌపడ నుంచి వేయించిన లైను, 1931లో గుణుపురం దాకా వెళ్ళింది, 2004లో ఆపేసి బ్రాడ్ గేజ్ చేశారు. నాన్న ఇరవై రెండేళ్ళు దాంట్లోనే ఆఫీసుకి వెళ్ళొచ్చారు. ఆ బండిని చిన్నది చేసి ఇంట్లో నడపాలి, అదీ నా ఆలోచన. ఆర్నెల్లలో అయిపోతుందని, ఇరవై వేలు దాటదని మా ఆవిడతో చెప్పాను. రెండూ అబద్ధాలే అయ్యాయి.

మొదటి నెలలోనే 2,650 రూపాయలు నీళ్ళపాలయ్యాయి. ఎక్కడ చూసినా హెచ్ఓ అనే సైజు గురించే రాస్తున్నారు. అంటే అసలు దానిలో 87వ వంతు. సరేనని ఫిబ్రవరిలో హెచ్ఓ పట్టాలు తెప్పించేశాను. అవి వచ్చాక స్కేలు పెట్టి చూస్తే పట్టాల మధ్య పదహారున్నర మిల్లీమీటర్లు. దాన్ని 87తో గుణిస్తే 1435. అది విదేశాల స్టాండర్డ్ గేజ్. మన బ్రాడ్ గేజ్ 1676, దానికీ ఈ పట్టాలు సరిపోవు. మన చిన్న బండి గేజ్ రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 8.76. లెక్కల మాస్టారిని, డబ్బు కట్టకముందు చెయ్యాల్సిన భాగాహారం కట్టాక చేశాను.

అయితే ఆ భాగాహారం వల్లే ఒక మంచి సంగతి తెలిసింది. ఎన్ గేజ్ అని ఇంకా చిన్న రైళ్ళుంటాయి, వాటి పట్టాల మధ్య సరిగ్గా 9 మిల్లీమీటర్లు. పెట్టెలూ ఇంజనూ 87వ వంతు సైజులో కట్టుకుని, ఆ చిన్న పట్టాల మీద నడిపితే మన రెండున్నర అడుగుల గేజ్‌కి వెంట్రుకవాసి తేడాతో సరిపోతుంది. జపాన్‌లో కూడా 762 మిల్లీమీటర్ల లైన్లు ఉండేవి, అందుకని అక్కడ ఈ పద్ధతిలో చేసేవాళ్ళు చాలామంది. మోటారున్న చాసిస్ (చక్రాలుండే అడుగుభాగం) కావాలంటే వాళ్ళ దగ్గర దొరుకుతుంది.

మార్చి 6న ఇంగ్లండ్‌లోని ఒక షాపుకి ఆర్డరు పెట్టాను. గజం పొడవున్న వంచుకునే పట్టాలు ఆరు, పాయింట్లు (బండి ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళే చోట వేసే పట్టాలు) రెండు, పట్టాలు కలిపే క్లిప్పులు. పోస్టేజీతో 10,300. స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెలు, వంకర టింకరగా ఉన్న రకం తీసుకున్నాను, మా పాత లైనులాగే ఉంటుందని. ఆ పార్సిల్ 41 రోజులు తిరిగింది. అందులో 19 రోజులు కస్టమ్స్‌లోనే ఉంది. "ఇందులో ఏముంది" అని రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ బొమ్మ రైలు పట్టాలని రాసిచ్చాను. చివరికి సుంకం, ఇతర ఛార్జీలు కలిపి 3,940 కట్టమన్నారు. అప్పట్లో నాకు ధర మీద ఇంకో మూడో వంతుకి పైనే పడింది, ఇలాంటివి తెప్పించుకునేవాళ్ళు సుంకానికి కూడా కొంత పక్కన పెట్టుకోండి. ఇంకోటి, కొరియర్ అబ్బాయి ఫోన్ చేసినప్పుడు నేను క్లాసులో ఉన్నాను. ఇంట్లో ఒడియా వచ్చిన మనిషి లేకపోతే పార్సిల్ వెనక్కి పోయేదే. మా పాప మాట్లాడి ఆపింది.

ఈలోగా బోర్డు సంగతి చూశాం. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. కావాలని పెట్టుకున్న కొలత కాదు, మేడ మీద గది తలుపులోంచి అంతకన్నా వెడల్పైంది పట్టదు. నాన్న బోర్డు వెడల్పుకి అడ్డంగా రెండు చేతులూ చాపి అంచులు పట్టుకుని, "పట్టాల మధ్య ఇంతేరా, అసలు బండికి" అన్నారు. టేపు పెట్టి చూశాను. నిజమే, 762. మా ఊరి రైలు మొత్తం నడిచింది ఆ వెడల్పు మీదే. అది చూశాక ఆ బోర్డుని నరకబుద్ధి కాలేదు, తర్వాత నరకాల్సి వచ్చినప్పుడు కూడా.

ప్లైవుడ్ విషయంలో మిస్త్రీ మాట వినలేదు. ఆయన తడికి తట్టుకునే మెరైన్ ప్లై అన్నాడు, నేను మామూలుది చాలన్నాను. జూన్‌లో వానలు మొదలయ్యాక రెండు వారాలకి బోర్డు మధ్యలో పైకి లేచింది, గోళీ పెడితే దొర్లుకుంటూ అంచుకి పోతోంది. మళ్ళీ మెరైన్ ప్లై, కింద టేకు ఫ్రేము, ఫ్రేము అడుగున కూడా రెండు పూతల పెయింటు. రెండుసార్లకీ కలిపి 6,100. మిస్త్రీ ఏమీ అనలేదు, నవ్వాడంతే.

ఇంజన్ కట్టడానికి నాకు నచ్చినంత కాలం పట్టింది. పాత ఫోటోల్లో ఉన్న ఇంజన్‌కి ముందు చిన్న చక్రాలుండవు. ఆరు పెద్ద చక్రాలు, వెనక నాలుగు చిన్నవి. ఆరు చక్రాల చాసిస్ ఒకటి జపాన్‌ నుంచి తెప్పించి (4,200), పైన ప్లాస్టిక్ షీటు, ఇత్తడి రేకుతో బాడీ కట్టాను. నీళ్ళ ట్యాంకుల మీద రివిట్లు కావాలంటే రేకు వెనక నుంచి గుండుసూదితో ఒక్కొక్కటీ నొక్కాలి. ఒక వైపుకి 64. ఒక వరస సగంలో సూది జారితే రేకు పారేసి మొదటి నుంచి మొదలు. అలా నాలుగు రేకులు పోయాయి.

పొగగొట్టం, పైనుండే డోము మాత్రం నాకు చేతకాలేదు. పెన్ను మూతలు, పూసలు, సిరంజి ముక్కలు అన్నీ ప్రయత్నించాను. మా వీధి చివర కొమ్ము పని చేసే మేస్త్రి ఉన్నాడు, కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తాడు. ఆయనకి కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. పొగగొట్టం ఎత్తు 9 మిల్లీమీటర్లని రాసుంటే, సెంటీమీటర్లు అనుకుని ఒప్పుకున్నాడు. మిల్లీమీటర్లని చెప్పాక, "మాస్టారూ, ఇది చేస్తే నా కళ్ళు పోతాయి" అని కాగితం తిరిగిచ్చేశాడు. మూడు రోజుల తర్వాత ఆయనే పిలిచాడు. అరచేతిలో మూడు పొగగొట్టాలున్నాయి, ఏది బాగుంటే అది తీసుకోమన్నాడు. కొమ్ముని ఆకురాయితో అరగదీస్తే వచ్చే జుట్టు కాలిన వాసన ఇంకా దానికుంది. ఆ నలుపుకి రంగు వెయ్యక్కర్లేదు, మసి పట్టిన ఇనుములాగే ఉంటుంది. మొత్తానికి 300 తీసుకున్నాడు. ఈ రెండేళ్ళలో నేను పెట్టిన ఖర్చులన్నింటిలో అదొక్కటే తక్కువనిపించింది.

ఆగస్టు 20, ఆదివారం. మొదటిసారి పట్టాలకి కరెంటిచ్చాను, ఇంజన్ చక్రాల ద్వారా తీసుకునేది అదే. చుట్టు కొలత నాలుగు మీటర్లు. ఇంజన్, వెనక రెండు పెట్టెలు గిర్రున తిరిగాయి. పాప చప్పట్లు కొట్టింది, మా ఆవిడ వీడియో తీసింది. నాన్న కుర్చీలో కూర్చుని మూడు చుట్లు చూశారు.

"ఇది మన బండి కాదురా. మన బండి ఇంత బేగి ఎళ్తాదా?"

"బొమ్మ కదా నాన్నా."

"బొమ్మైతే మటుకు? నేను ఈ పక్క నుంచి ఆ పక్కకి చూసేలోపు టెక్కలి దాటిపోతంది. మాకు టెక్కలి చేరేలోపు పేపరు మొత్తం చదివి పక్కాయనకిస్తే, ఆయనా చదివి తిరిగిచ్చీవోడు."

రాత్రి లెక్క వేశాను. అసలు బండి గంటకి 25 కిలోమీటర్లనుకుంటే, 87వ వంతులో సెకనుకి 8 సెంటీమీటర్లు. నాలుగు మీటర్ల చుట్టుకి 50 సెకన్లు. మాది 11 సెకన్లలో తిరుగుతోంది. తగ్గిద్దామని కంట్రోలర్ నాబ్ వెనక్కి తిప్పాను. ఇంజన్ ఒకటి రెండు జానలు నడిచి ఆగిపోయింది. వేలితో తోస్తే మళ్ళీ రెండు జానలు. వేగంగా పోతున్నంతసేపూ ఏ లోపమూ బయటపడదు, ఆ ఊపుకే దాటిపోతుంది. మెల్లగా నడపబోతే ఒక్కొక్కటీ బయటికొచ్చింది. నిజానికి నా పని ఆ రాత్రి మొదలైంది.

మొదటి జబ్బు పాయింట్ల దగ్గర. రెండు పట్టాలు కలిసే మొన ప్లాస్టిక్‌ది. వైరింగ్ తక్కువని నేనే ఆ రకం ఎంచుకున్నాను. పొట్టి ఇంజన్ చక్రాలు ఆ మొన మీదికి రాగానే కరెంటు అందదు. పది రోజులు తల పట్టుకున్నాక, వెనకున్న నాలుగు చిన్న చక్రాలు ఉత్తినే దొర్లుతున్నాయి కదా, వాటినుంచి కూడా కరెంటు తీసుకుంటే అనిపించింది. పాత టెలిఫోన్ రిలేలోని సన్నటి లోహపు పత్తీలు కోసి, చక్రాల వెనక తగిలేలా సోల్డర్ చేశాను. గట్టిగా తగిలితే చక్రం తిరగదు, వదులైతే కరెంటు రాదు. సెప్టెంబరు మొత్తం ఆ పత్తీలు వంచడంతోనే సరిపోయింది. రెండో జబ్బు క్లిప్పులు. పట్టాలు కలిపే క్లిప్పుల మీదుగానే కరెంటు పోతుందని నమ్మకూడదు. ప్రతి పట్టా ముక్కకీ కింద నుంచి విడిగా వైరు సోల్డర్ చెయ్యాలి. చేసేటప్పుడు రెండు పక్కలా తడిగుడ్డ ముక్క పెట్టండి, లేకపోతే స్లీపర్లు కరిగిపోతాయి. నావి ఐదు కరిగాయి, వాటి మీద చెత్త మొక్కలు అతికించాను.

దసరా సెలవుల్లో కంకర పోశాను. ఇక్కడ జరిగింది చెప్పడానికే సగం ఇది రాస్తున్నాను. మహేంద్రతనయ ఒడ్డు నుంచి ఇసక తెచ్చి, కడిగి, ఆరబెట్టి, టీ వడపోతతో జల్లించి పట్టాల మధ్య పరిచాను. ఫెవికాల్‌కి అంతే నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపి డ్రాపర్‌తో పోశాను. ఆ చుక్క లేకపోతే జిగురు ఇసకలోకి దిగదు, పైన బంతుల్లా నిలబడుతుంది. మర్నాటికి రాయిలా గట్టిపడింది. అచ్చం మా లైనే. ఇంజన్ పెట్టి నడిపాను. నాలుగో రోజు గరగరమని చప్పుడు, ఆరో రోజు ఆగిపోయింది. విప్పితే మోటారు అయస్కాంతం చుట్టూ నల్లటి గడ్డం మొలిచినట్టుంది. మన నది ఇసకలో ఇనుప రజను ఉంటుంది. చిన్నప్పుడు అయస్కాంతం ఇసకలో పొర్లించి ఆడుకున్నవాళ్ళమే అందరం, అయినా తట్టలేదు. శుభ్రం చేస్తుంటే మోటారులో కరెంటు అందించే బ్రష్ వెనకుండే స్ప్రింగు టింగుమని ఎగిరింది. ముగ్గురం గంటన్నర వెతికాం. దొరకలేదు. ఇంకో చాసిస్, ఇంకో 4,200, ఇంకో ఐదు వారాలు. ఆ దీపావళికి బండి లేదు. కంకరంతా తడిపి, గీకి తీసేసి, కొత్త ఇసకలో స్పీకర్ మాగ్నెట్టు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పదిసార్లు తిప్పాకే మళ్ళీ పోశాను. ఇసక తెచ్చే ముందు కాదు, పరిచే ముందు మాగ్నెట్టు తిప్పండి.

కొండలకి పాత పేపర్లు, మైదా జిగురు వాడాను. జనవరికల్లా బొద్దింకలు ఒక కొండని లోపలి నుంచి తినేశాయి, పైన రంగు మాత్రం మిగిలింది. సినిమా పోస్టర్లు అంటించే ఆయన్ని అడిగితే, "మైలుతుత్తం ఎయ్యలేదా?" అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు. వేశాక ఒక్క పురుగు ముట్టలేదు. అది విషం కాబట్టి పిల్లల చేతికి అందకుండా చూసుకోవాలి, పట్టాలకి కూడా తగలనివ్వకూడదు.

2024 మేలో మేడ గది పెనంలా కాలింది. ఒకరోజు స్కూలు పని చూసుకుని వచ్చేసరికి వంపు దగ్గర పట్టా పాములా పక్కకి మెలితిరిగి ఉంది. ఎండకి పట్టా సాగిందనుకున్నాను. లెక్క వేస్తే పట్టా సాగింది అర మిల్లీమీటరు చిల్లరే. నాకు అర్థమైనంతవరకు అసలు దోషం కింది ఫ్రేముది, ఎండకి కర్రే కుంచించుకుంది. కారణం ఏదైనా మందొకటే. నాలుగు చోట్ల పట్టాలు కోసి అట్టముక్క మందాన ఖాళీ వదిలాను. కోసిన ప్రతిచోటా మళ్ళీ వైరు.

వానాకాలం దానికంటే ఘోరం. జులైలో నాలుగు రోజులు ముసురు పట్టి బండి నడపలేదు. ఐదో రోజు పెడితే ఒక్క అడుగు కదల్లేదు. పట్టాల మీద కంటికి కనబడని పొర, వేలితో రాస్తే వేలు నల్లగా అయింది. కోవిడ్ రోజుల శానిటైజర్ జెల్ మిగిలుంటే దాంతో తుడిచాను. పొద్దున్నకి జిడ్డు కట్టి ఇంకా పాడైంది, అందులో గ్లిజరిన్ ఉంటుంది మరి. గరుకు కాగితంతో రుద్దాను, అది ఇంకో తప్పు. గీతలు పడి ఆ గీతల్లోనే మురికి కూరుకుంటుంది. చివరికి కుదిరిన పద్ధతి ఇది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డ, మొండి మరకలకి పాప జామెట్రీ బాక్సులోని రబ్బరు. పట్టాలు ఎంత మెరిసినా చక్రాలు మురికిగా ఉంటే లాభం లేదు. టిష్యూ పేపరు స్పిరిట్లో తడిపి పట్టాలకి అడ్డంగా పరిచి, ఇంజన్ సగం దాని మీద, సగం బయటా ఉండేలా పెట్టి కరెంటిస్తే చక్రాలు అక్కడే తిరిగి కాగితం మీద రెండు నల్లటి చారలు వదుల్తాయి. మొదటిసారి ఆ చారలు చూసి నాకు కలిగిన సంతోషం ఇంకెవరికీ అర్థం కాదు.

నూనె గురించి ఒక మాట. కుట్టుమిషను నూనె సీసా మూతితో పోశాను, మూడు చుక్కలు పడ్డాయి. అది చక్రాలకి పాకి పట్టాలన్నీ జారుడుబండ అయ్యాయి. సూదిమొనని నూనెలో ముంచి తాకిస్తే చాలు, అదీ నెలకొకసారి.

ఖర్చంతా ఒక నోటుబుక్కులో రాశాను. చక్రాలు, రంగులు, సోల్డరింగ్ ఐరన్, కంట్రోలర్ అన్నీ కలిపి 38,890. ఆ పుస్తకం మా ఆవిడ చూసింది. ఏమీ అనకుండా కింద "బోర్డు మీద కప్పడానికి నా పాత చీర: 0" అని రాసింది.

ఇప్పుడు పనిరోజుల్లో ముట్టను. శనివారం సాయంత్రం చీర తీసి పట్టాలు తుడవడానికి ఇరవై నిమిషాలు, చక్రాలకి పది. వర్షాకాలంలో గంట. బండి నడిపేది ముప్పావుగంట. బోర్డు కింద ఒక మూల వైర్లని ఎలుక కొరికింది, అది ఇంకా మార్చలేదు. రెండో పాయింటు దగ్గర ఇప్పటికీ పది చుట్లకి ఒకసారి వెనక చక్రాలు దిగిపోతాయి.

2025 సంక్రాంతికి నాన్న మేడెక్కారు. మోకాళ్ళు పట్టేసి ఈ మధ్య ఎక్కడం లేదు, పాప చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వాచీ చూసుకుంటూ కూర్చున్నారు. చుట్టుకి 47 సెకన్లు. టెక్కలి అని బోర్డు పెట్టిన చోట ఆపాను. ఐదు సెకన్ల తర్వాత కదిలించబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగరా. టీ తాగనియ్."

ఎంతసేపు ఆపాలో అడిగాను. చెప్పలేదు. పాప కిందికెళ్ళి నిజంగానే టీ తెచ్చింది. ఆయన సాసర్లో పోసుకుని తాగేసరికి ఆరు నిమిషాలైంది. అప్పుడు కరెంటిస్తే ఇంజన్ కదల్లేదు. వేలితో కొంచెం తోశాను.